48 పోర్టుల స్విచ్‌కి 370 వాట్లు చాలవా? తిరుపతి లాడ్జికి పీఓఈ లెక్క

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. తిరుపతి బస్టాండు దగ్గర మీ మామగారి లాడ్జి, నాలుగు అంతస్తులు, 42 గదులు. కొత్తగా 24 కెమెరాలు, 10 వైఫై యాక్సెస్ పాయింట్లు, 8 ఐపీ ఫోన్లు పెట్టిస్తున్నారు. కెమెరాల్లో 14 లోపలి డోములు, 8 బయటి బుల్లెట్లు, 2 తిరిగే పీటీజెడ్‌లు. వీటన్నింటికీ నెట్ కేబుల్‌లోనే కరెంటు వెళ్లేలా 48 పోర్టుల పీఓఈ (పవర్ ఓవర్ ఈథర్నెట్) స్విచ్, అంటే వీటన్నింటినీ నెట్‌వర్క్‌కి కలిపే డబ్బా, ఒకటి కోట్ చేశారు. "పోర్టుకు 30 వాట్లు ఇస్తుంది సార్" అన్నారు, కాగితం మీద మాత్రం 370 వాట్లని ఉంది. 48ని 30తో గుణిస్తే 1440 రావాలి కదా, ఈ 370 ఏంటి, సరిపోతుందా, యూపీఎస్ ఎంతది పెట్టాలి అని మీ టెన్షన్.

సరిపోదు. ఇంకా ఇబ్బంది ఏంటంటే, బిగించిన రోజు సరిపోయినట్టే కనిపిస్తుంది. పగలంతా అన్నీ పనిచేస్తాయి, మీరు బిల్లు కట్టేస్తారు, చీకటి పడ్డాక ఒక్కో కెమెరా ఆరిపోవడం మొదలవుతుంది. ఈ జిల్లాలో పదిహేడేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. పీఓఈ గురించి నాకు వచ్చిన ఫోన్లలో సగానికి పైగా సాయంత్రం ఆరున్నర దాటాక వచ్చినవే.

ముందు ఆ రెండు అంకెల సంగతి. పోర్టుకు 30 వాట్లు అంటే ఒక్క పోర్టులో అత్యధికంగా ఎంత ఇవ్వగలదో అది. 370 వాట్లు అంటే అన్ని పోర్టులకూ కలిపి స్విచ్ దగ్గరున్న మొత్తం. మీ మామగారికి గీజర్లతో చెప్పండి, వెంటనే అర్థమవుతుంది. గదికో 2 కిలోవాట్ల గీజరు ఉందనుకుంటే 42 గదులకు 84 కిలోవాట్లు. బిల్డింగుకి తీసుకున్న లోడు అంత ఉండదు. అందరూ ఒకేసారి వెయ్యరులే అన్న ధీమాతోనే నడుస్తుంది. కానీ గదులన్నీ నిండిన రోజు, తెల్లవారుజామున అందరూ కొండకు బయల్దేరే వేళకి ఏమవుతుందో లాడ్జి నడిపేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. స్విచ్‌లోనూ అంతే. బిగించే కుర్రాళ్లు ఒక్కో పోర్టునే విడివిడిగా పరీక్షిస్తే అన్నీ పాసవుతాయి, అన్నీ కలిసి అడిగినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది.

370 అనే అంకె ఎక్కడిదో తెలిస్తే దాని పరిమితి కూడా తెలుస్తుంది. పీఓఈ మొదటి ప్రమాణం ఐఈఈఈ 802.3ఏఎఫ్ 2003లో వచ్చింది. దాని ప్రకారం పోర్టుకు 15.4 వాట్లు. 24 పోర్టులకు లెక్కేస్తే 369.6. అదే ఈ 370. 48 పోర్టులకు లెక్కేస్తే 739.2, అందుకే మార్కెట్లో 740 వాట్ల స్విచ్‌లు కనిపిస్తాయి. అంటే మీకు కోట్ చేసిన 48 పోర్టుల స్విచ్ సగం పోర్టులకు మాత్రమే, అదీ పాత ప్రమాణం ప్రకారం, పూర్తి కరెంటు ఇవ్వగలదు. ఒకే సిరీస్‌లో రెండు రకాలూ ఉంటాయి. ఉదాహరణకు సిస్కో 2960-ఎక్స్‌లో 48 పోర్టులదే ఎల్‌పీఎస్ అని ఉంటే 370 వాట్లు, ఎఫ్‌పీఎస్ అని ఉంటే 740. ఒక్క అక్షరం తేడా. కొటేషన్‌లో మోడల్ నంబరు చివరి అక్షరం వరకూ రాయించుకోమని నేను పట్టుబట్టేది అందుకే.

తర్వాతి ప్రమాణాలు కూడా ఒకసారి చెప్పుకుందాం, డేటాషీట్లు, అంటే కంపెనీ ఇచ్చే వివరాల కాగితాలు, చదవడానికి పనికొస్తాయి. 2009లో వచ్చిన 802.3ఏటీలో స్విచ్ నుంచి 30 వాట్లు బయల్దేరితే అవతలి పరికరానికి 25.5 వాట్లు చేరతాయని లెక్క. 2018 నాటి 802.3బీటీ కేబుల్‌లోని నాలుగు జతలనూ వాడుకుని 60 వాట్లు, 90 వాట్లు కూడా ఇస్తుంది. మొదటి ప్రమాణంలో 15.4 బయల్దేరితే 12.95 చేరుతుంది. మధ్యలో పోయింది కేబుల్ తిన్నది. ఏటీ ప్రమాణంలో వంద మీటర్ల కేబుల్‌కి 12.5 ఓమ్‌ల నిరోధం, 0.6 ఆంపియర్ల కరెంటు అనుకుంటారు. 0.6ని 0.6తో, దాన్ని 12.5తో గుణిస్తే సరిగ్గా 4.5 వాట్లు వస్తుంది. 30లోంచి 25.5 తీసేస్తే వచ్చేదీ అదే. ఈ 4.5 వాట్లు మీ గోడల్లోని పైపుల్లో వేడిగా పోతాయి, కానీ స్విచ్ ఖాతాలోంచే పోతాయి.

ఇక చీకటి పడితే ఏమవుతుందో నేను కళ్లారా చూసింది చెప్తాను.

చాలా ఏళ్ల కిందట చిత్తూరు పక్కన ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కెమెరాలు పెట్టాం. సీజన్ మొదలయ్యే ముందే అవ్వాలని తొందర పెట్టారు. తోతాపురి కాయ రావడం మొదలైతే ట్రాక్టర్లు రాత్రంతా గేటు బయట వరసలో నిలబడతాయి, అప్పుడు కాటా దగ్గర, యార్డులో కెమెరాలు లేకపోతే తూకం గొడవలు తీరవు. 16 పోర్టుల స్విచ్, మొత్తం 150 వాట్లు. 15 బుల్లెట్ కెమెరాలు, ఒక్కొక్కటి పగలు 6 వాట్లు తీసుకుంటోంది. మొత్తం 90. ఇంకా 60 వాట్లు మిగిలాయి కదా అనుకుని సంతోషంగా తిరిగొచ్చాను. మూడో రోజు వాచ్‌మన్ ఫోన్. "సామీ, చీకటి పడ్తానే కాటా కాడ బొమ్మ ఆరిపోతా ఉండాది. పొద్దున్నే మళ్లా బాగుంటాది."

సాయంత్రం వెళ్లి ఆ కెమెరా కిందే నిలబడ్డాను. వెలుతురు తగ్గగానే లోపల టిక్‌మని చిన్న శబ్దం. లెన్సు ముందున్న ఫిల్టరు పక్కకు జరిగే చప్పుడు అది. వెంటనే చుట్టూ ఉన్న ఐఆర్ లైట్లు, అంటే చీకట్లో కెమెరాకు చూపునిచ్చే ఇన్‌ఫ్రారెడ్ లైట్లు, మసక ఎరుపులో వెలిగాయి. రెండు క్షణాలు, అంతే, మొత్తం ఆరిపోయింది. ఒక నిమిషం తర్వాత కెమెరా మళ్లీ బూట్ అయింది, మళ్లీ టిక్, మళ్లీ ఎరుపు, మళ్లీ చీకటి. రాత్రంతా అదే ఆట. ఐఆర్ వెలిగితే ఆ కెమెరా 11 వాట్లు తీసుకుంటుంది. 15 కెమెరాలకు 165. స్విచ్ దగ్గరున్నది 150. ఎవరో ఒకరికి అన్నం తగ్గాలి. చాలా స్విచ్‌లలో పోర్టులన్నింటికీ ఒకే ప్రాధాన్యం ఉంటే పెద్ద నంబరు పోర్టులను ముందు ఆపుతాయి. కాటా కెమెరా 15వ పోర్టులో ఉంది. అన్నింటికన్నా ముఖ్యమైనదాన్ని ఆఖర్న బిగించాం కాబట్టి అదే మొదట ఆరిపోయింది. ఆ రాత్రి పెద్ద స్విచ్ తెచ్చేవరకూ రెండు యార్డు కెమెరాలు పీకేసి కాటా కెమెరాను ఒకటో పోర్టుకి మార్చాను. పగటి అంకె చూసి స్విచ్ ఎంచుకోవడం ఆ రోజుతో మానేశాను.

మీ లాడ్జికి కూడా అదే పద్ధతిలో వేద్దాం. ఏడాదిలో అన్నింటికన్నా బరువైన గంట ఏది? బ్రహ్మోత్సవాలో వైకుంఠ ఏకాదశో, గదులన్నీ నిండి ఉన్నాయి. రాత్రి. కెమెరాలన్నింటికీ ఐఆర్ వెలుగుతోంది. యాత్రికులందరి ఫోన్లూ వైఫై మీద ఉన్నాయి. పీటీజెడ్‌లు పార్కింగ్ మీద తిరుగుతున్నాయి. కరెంటు పోయి వచ్చి అన్నీ ఒక్కసారే బూట్ అవుతున్నాయి. ఆ గంటకి లెక్క కట్టాలి. మీరు మోడళ్లు ఇవ్వలేదు కాబట్టి ఆ రకం పరికరాలకు మామూలుగా ఉండే అంకెలు తీసుకుంటున్నాను. మీ డేటాషీట్లలో "గరిష్ఠ విద్యుత్ వినియోగం, ఐఆర్ ఆన్" అన్న వరస చూసి సరిచేసుకోండి.

డోము 7 వాట్లు, 14కి 98. బుల్లెట్ 11, ఎనిమిదింటికి 88. పీటీజెడ్ 24, రెండింటికి 48. వైఫై 6 యాక్సెస్ పాయింటు 20, పదింటికి 200. ఫోను 5, ఎనిమిదింటికి 40. కూడితే 474 వాట్లు. ఇది పరికరాల దగ్గరకు చేరాల్సిన కరెంటు. నాలుగు అంతస్తుల్లో కేబుల్ తినేది సగటున ఐదు శాతం అనుకుంటే స్విచ్ దగ్గర దాదాపు 498 వాట్లు కావాలి.

ఇవే పరికరాలు పగలు మూడు గంటలకు ఎంత తీసుకుంటాయి? డోములు 4 చొప్పున, బుల్లెట్లు 6, పీటీజెడ్‌లు 13, పెద్దగా జనం లేని యాక్సెస్ పాయింట్లు 11, ఫోన్లు 3. మొత్తం 264. బిగించినవాళ్లు స్విచ్ పేజీ తెరిచి "చూడండి సార్, 370లో 264 మాత్రమే, ఇంకా వందకు పైగా మిగిలింది" అని చూపిస్తారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, చూసే వేళే తప్పు. డేటాషీట్ గరిష్ఠాలు పక్కన పెట్టి, ఒక సాధారణ రాత్రి నిజంగా లాగే అంకెలే వేసినా, డోము 6, బుల్లెట్ 10, పీటీజెడ్ 22, యాక్సెస్ పాయింట్ 16, ఫోను 3 అనుకుంటే 392 వస్తుంది. పండగ దాకా అక్కర్లేదు, మామూలు శనివారం రాత్రికే 370 దాటిపోతుంది.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. దీన్ని చాలామంది ఇంజనీర్లు కూడా వదిలేస్తారు. కొన్ని స్విచ్‌లు పరికరం నిజంగా ఎంత తీసుకుంటోందో చూడవు, దాని క్లాసు చూసి అంత కరెంటు ముందే పక్కన పెట్టేస్తాయి. కొత్త పరికరం తగిలించగానే స్విచ్ ముందు చాలా చిన్న వోల్టేజితో తట్టి చూస్తుంది, లోపల 25 కిలో ఓమ్‌ల గుర్తు ఉందా అని. అందుకే మామూలు ల్యాప్‌టాప్ తగిలించినా కాలిపోదు. గుర్తు దొరికాక నీది ఏ క్లాసు అని అడుగుతుంది. క్లాసు 1 అయితే 4 వాట్లు, క్లాసు 2 అయితే 7, క్లాసు 3 అయితే 15.4, క్లాసు 4 అయితే 30 వాట్లు దాని పేరు మీద రాసి పెడుతుంది. క్లాసు 2 పరికరం అత్యధికంగా 6.49 వాట్ల దాకా తీసుకోవచ్చు. మీ డోము 7 వాట్లు. అర వాటు ఎక్కువైనందుకు అది క్లాసు 3లోకి వెళ్లి 15.4 వాట్లు తన పేరు మీద పెట్టుకుంటుంది. సగానికి పైగా ఎప్పటికీ వాడదు, ఇంకొకరికీ దక్కనివ్వదు.

అలా క్లాసు ప్రకారం మీ జాబితా అంతా కట్టి చూశాను. 22 డోములు, బుల్లెట్లకు 338.8. రెండు పీటీజెడ్‌లు, పది యాక్సెస్ పాయింట్లకు 30 చొప్పున 360. ఫోన్లు క్లాసు 2 కాబట్టి 56. మొత్తం 754.8 వాట్లు. అంటే 740 వాట్ల స్విచ్ కొన్నా, ఆ సెట్టింగులో వదిలేస్తే చివరి పరికరానికి కరెంటు రాదు! నిజంగా వాడేది 498 కూడా ఉండదు. ఇలాంటి కేసులో కొత్త స్విచ్ కొనిపించిన సందర్భాలు నాకు తెలుసు. అక్కడ మార్చాల్సింది ఒక్క సెట్టింగు. స్విచ్ పీఓఈ పేజీలో క్లాసు బట్టి కేటాయించాలా, వాడకం బట్టి కేటాయించాలా అని ఉంటుంది. వాడకం మీద పెట్టించండి. ఎల్‌ఎల్‌డీపీ అనే సెట్టింగు కూడా ఆన్ చేయించండి, పరికరాలు స్విచ్‌కి తమ వివరాలు చెప్పుకునే పద్ధతి అది. దాంతో యాక్సెస్ పాయింట్ల లాంటివి తమకు ఎంత కావాలో స్విచ్‌తో మాట్లాడుకుని వాటులో పదో వంతు తేడాతో సర్దుకుంటాయి. డోముల పోర్టులకు 9 వాట్ల పరిమితి చేత్తో పెట్టించినా మంచిదే.

వాడకం బట్టి ఇచ్చే సెట్టింగులో ఒక షరతు ఉంది. అసలు మొత్తం మీద మిగులు ఉండి తీరాలి. లేకపోతే గుజ్జు ఫ్యాక్టరీ కథే. మిగులు ఎంత అంటే నేను పాతిక శాతం పెట్టుకుంటాను. 498కి పాతిక శాతం కలిపితే 622. అంటే 370 కాదు, దాని తర్వాతి మెట్టు 740.

కానీ 740 వాట్ల పెద్ద స్విచ్ ఒకటి కొనమని నేను చెప్పను. 24 పోర్టులవి, 370 వాట్లవి రెండు కొనండి. 42 పరికరాలు, ఒక్కోదానికి 21. ఒక్కోదాని మీద 249 వాట్లు, అంటే సామర్థ్యంలో మూడింట రెండు వంతులు. ఒక్కోదాంట్లో మూడు పోర్టులు మిగులుతాయి. వైర్లు పంచేటప్పుడు ఒక అంతస్తు మొత్తం ఒకే స్విచ్‌కి ఇవ్వకండి. వరండాలో మొదటి కెమెరా ఒకదానికి, రెండోది రెండోదానికి, యాక్సెస్ పాయింట్లు కూడా అలాగే ఒకటి విడిచి ఒకటి. ఒక స్విచ్ పవర్ సప్లై కాలిపోయినా ప్రతి అంతస్తులోనూ సగం కళ్లు తెరిచే ఉంటాయి, వైఫై నెమ్మదిస్తుంది కానీ పోదు. పండగ రోజుల్లో సర్వీసు మనిషి రావడానికి ఎంతసేపు పడుతుందో మీకు తెలుసు. ఒకే పెద్ద స్విచ్ అయితే ఆ కాసేపూ లాడ్జి గుడ్డిదైపోతుంది. రెండు పవర్ సప్లైలున్న పెద్ద స్విచ్ కూడా దొరుకుతుంది, కానీ రెండూ కలిస్తేనే 740 వచ్చే రకమా, ఒక్కటున్నా 740 ఇచ్చే రకమా అని అడిగి తీసుకోవాలి. మీ సైజుకి అంత ఖర్చు అనవసరమని నా అభిప్రాయం.

ప్రాధాన్యాలు మాత్రం మీరే కూర్చుని రాయించండి, బిగించే కుర్రాళ్లకు వదలకండి. మెయిన్ గేటు, క్యాష్ కౌంటరు, లిఫ్టు, మెట్లు, రిసెప్షన్ ఫోను అన్నీ పై ప్రాధాన్యం. వరండా యాక్సెస్ పాయింట్లు కింది ప్రాధాన్యం. వైఫై పది నిమిషాలు పోతే గెస్టు విసుక్కుంటాడు. గేటు కెమెరా పోయిన పది నిమిషాల్లో ఏం జరిగిందో పోలీసులొచ్చి అడిగినా ఎవరూ చెప్పలేరు.

ఇప్పుడు కేబుల్. స్విచ్‌లో అన్నీ సరిగ్గా ఉండి కూడా పై అంతస్తు యాక్సెస్ పాయింట్లు మాటిమాటికీ రీస్టార్ట్ అవుతున్నాయంటే నేను ముందు కేబుల్ ముక్క ఒకటి కోస్తాను. క్యాట్ 6 అని అచ్చేసిన పెట్టెల్లో రాగి పూత పూసిన అల్యూమినియం తీగ అమ్ముతున్నారు. డేటాకి దగ్గర దూరాల్లో పనిచేసేస్తుంది, అందుకే ఎవరూ పట్టుకోరు. కరెంటుకి అది పనికిరాదు. అల్యూమినియం నిరోధం రాగికన్నా ఒకటిన్నర రెట్లకు పైనే, కాబట్టి తీగలో పోయే వాట్లూ ఒకటిన్నర రెట్లకు పైనే. పైగా వంచిన చోట, జాక్‌లో బిగించిన చోట తొందరగా విరుగుతుంది, వేడెక్కుతుంది. పరీక్ష సులభం. ఒక్క తీగ తీసుకుని బ్లేడుతో గీకండి. లోపల కూడా రాగి రంగే ఉంటే సరే. వెండిలా తెల్లగా మెరిస్తే పెట్టె వెనక్కి పంపండి. 305 మీటర్ల పెట్టె ఎత్తినప్పుడు మరీ తేలిగ్గా ఉన్నా అనుమానించాల్సిందే. గోడల్లోకి పోయాక ఇది మార్చడం స్విచ్ మార్చడం లాంటిది కాదు, టైల్స్ పగలగొట్టాలి. అందుకే మొత్తం పనిలో మీరు స్వయంగా నిలబడి చూడాల్సిన రోజు ఏదంటే కేబుల్ దిగే రోజు అంటాను.

దూరం వంద మీటర్లు దాటకూడదు. కొన్ని స్విచ్‌ల మీద 250 మీటర్ల మోడ్ అని బటన్ ఉంటుంది. అది నొక్కితే ఆ పోర్టు వేగం 10 మెగాబిట్లకు పడిపోతుంది, అంత పొడవు కేబుల్‌లో కరెంటు నష్టం కూడా ఎక్కువే. రోడ్డు అవతల పార్కింగ్‌కి ఒక చిన్న కెమెరా అయితే గతిలేక వాడొచ్చు, పీటీజెడ్‌కి వద్దు. అలాగే మేడ మీద పెట్టే వైర్‌లెస్ రేడియోలు కొన్ని 24 వోల్టుల పాసివ్ పీఓఈ మీద నడుస్తాయి. అవి మీ స్విచ్‌తో మాట్లాడవు, వాటితో వచ్చిన ఇంజెక్టరే, అంటే కేబుల్‌లోకి కరెంటు ఎక్కించే చిన్న అడాప్టరే, వాడాలి. ఆ ఇంజెక్టరు అవతల ఏముందో అడగకుండానే కరెంటు వదులుతుంది, దాని వైరు పొరపాటున ల్యాప్‌టాప్‌కి తగిలించకుండా ఎర్ర టేపు చుట్టి పెట్టుకోండి.

యూపీఎస్ సంగతికి వద్దాం. ఇక్కడ 498 అని వెయ్యకండి. స్విచ్ తన సొంతానికి కూడా తింటుంది, ఒక్కోటి 40 వాట్లు అనుకుందాం. గోడలోంచి తీసుకున్న కరెంటులో పదో వంతు పవర్ సప్లైలో పోతుంది. 498కి 80 కలిపి 0.9తో భాగిస్తే 642. రికార్డరు, అందులో డిస్కులకు 60. ఫైబర్ డబ్బా, రూటరుకు 30. మొత్తం 732 వాట్లు. యూపీఎస్ మీద 1 కేవీఏ అని రాసి ఉంటే అది వెయ్యి వాట్లు కాదు. పవర్ ఫ్యాక్టర్ 0.8 అయితే 800 వాట్లు, 0.6 అయితే 600 మాత్రమే. 800 వాట్ల దాని మీద 732 పెట్టి రోజూ నడపడం బావుండదు. 2 కేవీఏ తీసుకోండి.

బ్యాటరీ ఎంతంటే, ముందు నన్ను నేను అడిగే ప్రశ్న జనరేటర్ ఉందా అని. లాడ్జి కాబట్టి లిఫ్టు కోసమైనా ఉండే ఉంటుంది. అది తనంతట తాను స్టార్ట్ అయ్యేదైతే లోపలే చిన్న 9 ఆంపియర్ అవర్ బ్యాటరీలున్న యూపీఎస్ చాలు, పావుగంట, ఇరవై నిమిషాలు నిలబడుతుంది. ఎవరో కుర్రాడు లేచి వెళ్లి స్టార్ట్ చెయ్యాలంటే, లేదా డీజిల్ అయిపోయే భయం ఉంటే, 26 ఆంపియర్ అవర్‌వి ఆరు పెట్టండి. ఆరు బ్యాటరీలు, 12 వోల్టులు, 26 ఆంపియర్ అవర్ గుణిస్తే 1872 వాట్ అవర్లు. దాన్ని 732తో భాగించి రెండున్నర గంటలు అని చెప్పేవాళ్లుంటారు, నమ్మకండి. వేగంగా వాడితే బ్యాటరీ మీద రాసిన సామర్థ్యంలో పాతిక శాతం తగ్గిపోతుంది. ఇన్వర్టరులో ఇంకో పదిహేను శాతం పోతుంది. కొత్తలో గంటన్నర, కాస్త పాతబడ్డాక గంటా పావు. నేనైతే ఆ గంటా పావు మీదే నమ్మకం పెట్టుకుంటాను.

ఈ సామాను ఎక్కడ పెడుతున్నారు? లాడ్జిల్లో నేను చూసింది ఎక్కువగా మెట్ల కింద గది. కిటికీ ఉండదు, పాత పరుపులు, ఫినాయిల్ డబ్బాలు, మధ్యలో ర్యాక్. పీఓఈ కరెంటులో ఎక్కువ భాగం కెమెరాల దగ్గరే ఖర్చవుతుంది కాబట్టి 732 వాట్లూ ఆ గదిలో వేడి కావు, కానీ రెండు వందల వాట్లకు పైగా అక్కడే మిగులుతుంది. రాత్రింబవళ్లు. మన ఎండాకాలంలో బయటే 40 డిగ్రీలు దాటుతుంది. మూసిన గదిలో ఎంతుంటుందో ఊహించుకోండి. 25 డిగ్రీల మీద ప్రతి పది డిగ్రీలకు యూపీఎస్ బ్యాటరీ ఆయుష్షు సగమవుతుంది, కొన్ని స్విచ్‌లు వేడి పెరిగితే ఇచ్చే మొత్తాన్ని కూడా తగ్గిస్తాయి. కాబట్టి 370 వాట్లు ఏ ఉష్ణోగ్రత దాకా ఇస్తుందో డేటాషీట్‌లో చూడండి. గదికి కింద జాలీ, పైన ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించండి. పరుపులు ఇంకెక్కడికైనా మార్చండి.

బయటి బుల్లెట్లకు, పీటీజెడ్‌లకు సర్జ్ ప్రొటెక్టర్లు, ర్యాక్‌కి సరైన ఎర్తింగ్ మర్చిపోకండి. అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాల్లో కూడా మనకు పిడుగులు పడుతుంటాయి. మేడ మీది వైరులో వచ్చిన దెబ్బ స్విచ్ మొత్తాన్ని తీసుకుపోతుంది.

ఇక వైఫై 7కి మారాలని మీకు ఆలోచన ఉంటే, ఆ యాక్సెస్ పాయింట్లలో కొన్నింటికి పూర్తి బలంతో పనిచేయడానికి పైన చెప్పిన 802.3బీటీ ప్రమాణం కావాలి. 30 వాట్లే ఇస్తే పనిచేస్తాయి కానీ ఒక రేడియోనో, యూఎస్‌బీ పోర్టునో ఆపేసుకుంటాయి. దాని కోసం ఇప్పుడే ఖరీదైన స్విచ్ కొనక్కర్లేదు. ఆ రోజు వచ్చినప్పుడు రిసెప్షన్ హాలు దగ్గర ఒకటి రెండింటికి బీటీ ఇంజెక్టర్ పెట్టుకోవచ్చు.

అంతా బిగించాక పరీక్ష ఎలా చెయ్యాలో కూడా చెప్తాను, ఎందుకంటే పగలు చేసే పరీక్ష పనికిరాదని పైన చెప్పాను. రాత్రి దాకా ఆగక్కర్లేదు. రికార్డరులో ప్రతి కెమెరాకూ డే-నైట్ సెట్టింగు ఉంటుంది, దాన్ని నైట్‌లో పెట్టించండి. అన్ని ఐఆర్ లైట్లూ పట్టపగలే వెలుగుతాయి. చేత్తో లెన్సు మీద నీడ పెడితే ఎర్రగా కనిపిస్తాయి. పీటీజెడ్‌లు రెండింటినీ టూర్‌లో తిప్పండి. లాడ్జి కుర్రాళ్లందరి ఫోన్లలో వీడియోలు పెట్టించి అంతస్తుల్లో తిరగమనండి. అప్పుడు స్విచ్ పేజీలో మొత్తం వాట్లు చూడండి, సిస్కో అయితే షో పవర్ ఇన్‌లైన్ అని కొడితే పోర్టువారీగా వస్తుంది. ఒక్కో స్విచ్‌లో ఆ అంకె 280 దాటితే నాకు నచ్చదు. తర్వాత యూపీఎస్ నుంచి రెండు స్విచ్‌ల ప్లగ్గులూ పీకి, అర నిమిషం ఆగి, రెండూ ఒకేసారి పెట్టండి. ఐదు నిమిషాల్లో 42 పరికరాలూ తిరిగి రావాలి, ఒక్కటి తగ్గినా ఎందుకో తేలేవరకూ వదలొద్దు. చివరగా మెయిన్ కరెంటు ఆపి, యూపీఎస్ మీద గడియారం పెట్టి చూడండి.

వచ్చిన అంకెలన్నీ, ఏ పోర్టులో ఏ పరికరం, పగలు ఎంత, నైట్ మోడ్‌లో ఎంత, ఒక కాగితం మీద రాయించి ర్యాక్ తలుపు లోపలివైపు అతికించండి. ఆరు నెలల తర్వాత ఎవరో వచ్చి ఇంకో నాలుగు కెమెరాలు తగిలిస్తామంటారు. అప్పుడు ఆ కాగితం చూసి ఒప్పుకోవాలో వద్దో మీ మామగారే చెప్పగలరు. కోట్ ఇచ్చినవాళ్లతో ముందే మాట్లాడుకోండి, బిగించిన రోజు చివరి బిల్లులో సగం, మిగతా సగం ఈ పరీక్షా ఒక పూర్తి రాత్రీ గడిచాక.